భోజన్న దగ్గు

రుద్రూర్ భోజన్నకు నాటకంలో ఒకే ఒక్క మాట పడదు: ‘నువ్వు నా కడుపున పుట్టలేదు.’ పాతికేళ్లుగా మా నాటక సమాజంలో తెర వెనక పుస్తకం పట్టుకొని డైలాగులు అందించేది ఆయనే. ఆ మాట దగ్గరికి రాగానే ఆయనకు దగ్గొస్తుంది. మామూలు దగ్గు కాదు. చెరుకు తోటల్లో కునుకు తీసే కొంగలు లేచి, బోధన్ దాకా పోయి వస్తాయి.

పెంపుడు బిడ్డ లేకుండా సాంఘిక నాటకం రాయడం మనవాళ్లకు చేతకాదు. ఒక పుట్టుమచ్చ, ఒక పాత ఉత్తరం, బిందెడు కన్నీళ్లు. నాకా కన్నీళ్లంటే చిరాకే. కానీ భోజన్న పుణ్యమా అని మా నాటకాలు ముడి విప్పకుండానే ముగిసేవి. ఓసారి చందూర్‌లో తల్లి వేషం వేసిన సుష్మ, దగ్గు ఎంతకూ ఆగక, “నువ్వు... నువ్వు పొద్దటి సంది అన్నం తినలేదు బిడ్డా” అని ముగించింది. జనం చప్పట్లు కొట్టారు.

ఈసారి నిజామాబాద్ పోటీలకు నాటకం రాసింది నేను. ఆ మాట పోతే నాటకమే లేదు. రిహార్సల్ సాయంత్రం చెరుకు పూత నేలకు దిగిన మబ్బులా ఊగుతోంది. గాలి నిండా కాగుతున్న బెల్లం వాసన. ఆ మత్తులోనే భోజన్నను పక్కకు పిలిచాను.

“గొంతుకు మందు వాడరాదే భోజన్నా.”

“మందుతోని పోయే దగ్గు కాదు సారూ.” కొడుకు వేషం కడుతున్న నాగేందర్‌ను కళ్లతో చూపించాడు. “ముత్తవ్వ పెంచుకున్న పిల్లగాడు. పసిగుడ్డును నా తువ్వాలల సుట్టి నేనే తెచ్చిన. వానికి తెల్వది. ఐదేండ్లప్పుడు ముందు వరుసల కూసున్నడు, గప్పటి సంది దగ్గుతున్న. నలుగుట్ల ఆ మాట ఇనిపిస్తే వాడు ఏ మొఖంతోని ఇంటికి పోతడు?”

నాటకాన్ని దేవుడికి వదిలేశాను.

పోటీ రోజు ముందు వరుసలో ముత్తవ్వ కూర్చుంది. ఆ ఘట్టం వచ్చింది. సుష్మ నోరు తెరిచింది. దగ్గు మొదలైంది. నాగేందర్ కాసేపు ఓపిక పట్టి, తెర వైపు చూసి నవ్వి, తనే అందుకున్నాడు: “అమ్మా, నేను నీ కడుపున పుట్టలేదని నాకెప్పుడో ఎర్కనే. అయితేంది? ఆకలైతుంది, అన్నం పెట్టు.”

దగ్గు ఆగింది. పుస్తకం కింద పడిన చప్పుడు వినిపించింది.

నాటకం అయ్యాక భోజన్న వాణ్ని నిలదీశాడు. “నీకెవరు జెప్పిండ్రురా?”

“అవ్వనే. నాలుగో తరగతిల.”

“మరి నాకు జెప్పొద్దా?”

ముత్తవ్వ కొంగు సర్దుకుంది. “ఎట్ల జెప్పాలె అన్నా? నువ్వు గంత పానం పెట్టి దగ్గవడ్తివి. తెలిస్తే నీ మనసు నొస్తదని ఇద్దరం దాసిపెట్టినం.”

మరుసటి వారం నందిపేట్‌లో అదే నాటకం. అదే చోట, మళ్లీ దగ్గు.

“ఇంకెందుకు భోజన్నా?”

“ముందు వరుసల ఎవరి పిల్ల కూసున్నదో మనకెట్ల ఎర్క సారూ?”

ఇప్పుడు నా రాతప్రతిలో ఆ మాట లేదు. ఆ జాగాలో, బ్రాకెట్లో, ‘ఇక్కడ భోజన్న దగ్గును’ అని ఉంది.