రెండు పది అంటే రెండు పాయింట్ ఒకటి కాదు

"ప్రింట్ తియ్యవా?" సేట్ రెండోసారి అరిచాడు.

"తియ్య సేట్. ఖాజా భాయ్ దొంగ అనే కాయితం నా చేతులకెళ్లి రాదు."

పోయినేడు రంజాన్ ముందు సంగతి. చార్మినార్ దగ్గర గాజుల హోల్‌సేల్ దుకాణంలో కంప్యూటర్ చూసేది నేను. ఇంటర్‌తో చదువు ఆగింది. క్వెరీలు, అంటే కంప్యూటర్‌ను సరుకు గురించి అడిగే ప్రశ్నలు, పనిలోనే నేర్చుకున్నాను. ఆ రోజు 2.10 సైజు గాజులు ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోలేదని స్క్రీన్ చెప్పింది. గోదాములో చూస్తే ఆ అర ఖాళీ. గోదాము చూసేది ఖాజా భాయ్. సేట్ ఠాణాకు పోతానంటున్నాడు.

"కంప్యూటర్ అబద్ధమాడుతదా?"

"అబద్ధమాడదు సేట్. అడిగినదానికే జవాబిస్తది. మన అడుగుడే తప్పైతే అదేం జేస్తది?"

ఖాజా భాయ్ నా వైపు తిరిగాడు. "బేటీ, దో దస్ డబ్బాలు నీ ముందలనే ఆటోల ఎక్కిచ్చిన గదా!"

దో దస్. రెండు పది. రెండంగుళాలు, ఆ మీద అంగుళంలో పదహారో వంతులు పది. మా గల్లీలో ఎవరూ దాన్ని దశాంశంగా చదవరు. మరి కంప్యూటర్?

గబగబా రిపోర్టు విప్పాను. ఒక క్వెరీ జవాబును ఇంకో క్వెరీ కడుపులో పెట్టొచ్చు. దీన్ని కంపోజబిలిటీ అంటారు, మస్తు సుఖం. లోపలిది అమ్మకాలు తెస్తే, బయటిది వాటిని వచ్చిన సరుకుతో జత చేస్తుంది. జత కుదరాలంటే రెండువైపులా ఒకే టైప్ ఉండాలి: అంకెకు అంకె, అక్షరానికి అక్షరం. లోపలి క్వెరీ సైజును ముందు అంకెగా మార్చింది, చివరి సున్న రాలిపోయింది. మళ్లీ అక్షరంగా మార్చి 2.1 అని బయటికిచ్చింది. టైప్ సరిపోయింది కాబట్టి ఎర్రర్ రాలేదు. 2.10కి మాత్రం జత దొరకలేదు.

ఆ మార్పిడి తీసేసి నడిపాను. 2.10 అమ్మకాలన్నీ బయటపడ్డాయి, వచ్చినన్ని డబ్బాలూ అమ్ముడైనవే. అర ఖాళీగానే ఉండాలి!

"సరే తీ, లొల్లి ఖతం" అన్నాడు సేట్. "సాఫ్ట్‌వేర్ల మల్ల వేలు వెట్టకు."

"ఖాజా భాయ్‌కి సారీ చెప్పుండ్రి సేట్."

వినపడనట్టు ఫోన్ ఎత్తుకున్నాడు.

టైప్ కుదిరినంత మాత్రాన అర్థం కుదిరినట్టు కాదని నాకప్పుడు తెలిసింది. ఒకదాంట్లో ఒకటి పెట్టేకొద్దీ తప్పు లోపలికి దిగుతుంది, నింద బయట నిలబడ్డ మనిషి మీద పడుతుంది.

తెల్లారి సేట్ రాకముందే వేలు పెట్టాను. సైజుకు విడిగా ఒక టైప్ చేశాను, మా గాజులకున్న సైజులు తప్ప వేరేది రానివ్వదు. ఖాజా భాయ్‌ని పిలిచి, ఆయన ముందే 2.1 కొట్టాను. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది.

"ఏమంటుంది బేటీ?"

"గసుంటి సైజు మన దుకాణంల లేనే లేదంటుంది భాయ్."