కుమ్మరి పురుగుకు బెత్తెడు దూరంలో

ఆయన ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వీధిలో ఆయన పేరు కూడా అదే, ఎక్స్‌రే. ఇన్నేళ్లుగా తీసినవన్నీ ఊళ్లోవాళ్ల ఎముకలే. డాక్టర్లు వాటిని వెలుగుకెత్తి విరిగిందో లేదో చెబుతారు తప్ప, బొమ్మ బాగా వచ్చిందని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. అందుకే తనదంటూ ఒక్క ఫొటో ఉండాలని పంతం పట్టాడు.

పడకగది కిటికీ చట్రం మీద ఒక కుమ్మరి పురుగు, అదే మట్టిగూడు కట్టే కందిరీగ, తడిమట్టి మోసుకొచ్చి గోళీకాయంత కుండ కడుతోంది. అందులో గుడ్డు పెట్టి, పుట్టబోయే పిల్లకు మేతగా గొంగళిపురుగుల్ని తెచ్చి కుక్కి, మూతి మూసేస్తుంది. ఆ కుక్కే క్షణం కావాలి ఆయనకు.

చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనేముందు, స్టూడియో నడిపే బావమరిదిని అడిగాడు. అడగడం వరకే.

"బావా, అరవై ఎం.ఎం. అయినా వంద ఎం.ఎం. అయినా పురుగు అంతే సైజులో పడుతుంది. తేడా అంతా దూరంలోనే. అరవైతో అయితే దాని మీదకెక్కి కూర్చోవాలి. వంద కొనుక్కో, కాస్త ఎడంగా ఉండి తీసుకోవచ్చు."

"ఎడమైతే మసకవుతుందిరా. చెయ్యి పలకకి ఆనించకపోతే బొమ్మ ఎలా తగలడుతుందో నాకు తెలీదా?"

"అది ఎక్స్‌రే బావా! పోనీ, ముందు నా వంద ఎం.ఎం. పట్టుకెళ్లి చూడు."

"అరువు సరుకుతో తీస్తే నా ఫొటో ఎలా అవుతుంది?"

ఎక్స్‌రే గదిలో ఆయన మాట నిజమే. ఎముక పలకకు ఎంత దగ్గరైతే బొమ్మ అంత పదును. ఆ నిజాన్ని భద్రంగా మోసుకెళ్లి కెమెరాల కొట్లో దించాడు. అరవై కొనుక్కొచ్చాడు.

పురుగు నిండుగా కనబడాలంటే లెన్స్ మూతి కుండకు బెత్తెడు దూరంలోకి రావాలి. అక్కడికి రాగానే లెన్స్ నీడే కుండ మీద పడింది. పురుగు లేచిపోయింది. అది తిరిగొచ్చాక పక్కకు జరిగి తీస్తే కన్ను స్పష్టం, కాళ్లు పొగ. అన్నీ స్పష్టంగా రావాలని లెన్స్‌లో వెలుతురొచ్చే రంధ్రం చిన్నది చేస్తే వెలుతురు చాలక మొత్తం అలుక్కుపోయింది. రోజూ వందమందికి "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అని చెప్పే మనిషి, ఇప్పుడు తనే ఊపిరి బిగబట్టి కళ్లు తేలేశాడు. ఆ మాట పురుగుకెవరు చెబుతారు?

ఓర్పుంటే అన్నీ సమకూరుతాయంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ కిటికీ గట్టు మీద మోకాళ్లు ఆనించి కందిరీగ జాతి ముఖంలో ముఖం పెట్టినట్టు లేదు.

"ఏవండీ, ఇంటికి రంగులేసే ఆయన పక్కగది దాకా వచ్చేశాడు" అంది భార్య. "ఆ కిటికీ మీ పురుగుకి రాసిచ్చారా ఏంటి?"

"మధ్యాహ్నం దాకా ఆపవే."

"నన్ను చూసి ఆగడానికి అతనేమైనా మొగుడా? కలిపిన రంగు ఆగదు."

పురుగు గొంగళిపురుగును కరుచుకుని వచ్చింది. ఆయన వంగాడు. నల్లటి లెన్స్ మూతి మీదకొస్తుంటే చూసి, తెచ్చినదాన్ని కిందకు జారవిడిచి ఎగిరిపోయింది. ఇక పంతం దిగమింగి బావమరిదికి ఫోన్ చేశాడు.

"అయ్యో, పెళ్లిలో ఉన్నా బావా! ఉంగరాల ఫొటోలు తీస్తున్నా, ఆ లెన్స్‌తోనే. మొన్న ఇస్తానంటే ముఖం అటు తిప్పుకున్నావుగా!"

మధ్యాహ్నం దాటింది. పురుగు మళ్లీ రాలేదు. అన్నిసార్లు బెదరగొట్టాక రావడానికి అదేమైనా ఆస్పత్రి పేషెంటా, గతిలేక వరసలో నిలబడటానికి?

రంగులాయన నిచ్చెన జరుపుకొచ్చాడు. "సార్, గీకేయమంటారా?"

"ఒక్క నిమిషం."

పురుగు లేని కుండను తీశాడు. వణుకు లేదు, బెదురు లేదు, నీడ పడకుండా పక్కనుంచి తెల్లకాగితం పట్టి నింపాదిగా తీశాడు. మట్టి ముద్దల అంచులు, వాటి మీద దవడల గాట్లు, తెరిచి ఉన్న మూతి, అన్నీ సూదిమొనల్లా వచ్చాయి.

భార్య భుజం మీదుగా తొంగి చూసింది. "ఎంత బాగా వచ్చిందండీ! దీనికా ఇంత ఏడ్చారు?"

"ఖాళీ కుండే అది."

"అయితే ఏం? బాగుంది."

ఇన్నేళ్లకు ఎవరో ఒకరు ఆయన బొమ్మను బాగుందన్నారు. అదీ ఈ బొమ్మను! ఒళ్లు మండిపోయింది. కెమెరా మంచం మీద పడేసి, "కానీవయ్యా" అన్నాడు రంగులాయనతో.

ఒక్క గీకుతో కుండ రాలిపోయింది.