కుంకుమ వెనక ముల్లు

ఆయుధపూజ రోజున మా ప్లాంటులో వేటివేటికి బొట్టు పెట్టాలో నేనే జాబితా రాశాను. మందు సరుకు ఉడికించే రియాక్టర్లు నాలుగు, పంపులు ఆరు, బాయిలరు ఒకటి, తూకం మిషన్లు రెండు, ఇంకా స్పానర్లు, సుత్తులు, ఇనుప నిచ్చెన. ఒక్కోదానికి బొట్టు పెట్టి, కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. పారేయడానికి చెయ్యి రావడం లేదు.

పటాన్‌చెరు నుంచి లోపలికి పోయే ఒక రోడ్డు చివర, మాత్రల్లో కలిపే పొడులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. అందులో నేను షిఫ్ట్ ఇంజినీరును. అమ్మా నేనూ కిష్టారెడ్డిపేటలో కిరాయికి ఉంటాం. నా షిఫ్టులో రెండో నంబర్ రియాక్టర్ నడిపే ఆపరేటర్‌ను నేను కాకా అనేవాణ్ని. యాభై దాటిన మనిషి. కొండాపూర్ మండలంలో ఒక ఊరు ఆయనది. శనివారం శనివారం ఆ ఊరి హనుమాన్ గుడిలో భజన నడిపేది ఆయనే. వయసులో నాకు రెండింతలు ఉన్నా నన్ను సారూ అనే పిలిచేవాడు.

"మొదటి బొట్టు మీరే పెట్టాలె సారూ. సదువుకున్న చెయ్యి" అన్నాడు ఆ పొద్దున, పళ్లెం నా ముందు పెట్టి.

"సదువుకున్న చెయ్యి తగిలితే మిషన్ ఆగుతది కాకా."

"ఆగితే నేను లేనా నడిపియ్యనీకి? పెట్టుండ్రి జల్దీ, గుమ్మడికాయ కొట్టాలె."

మిగతా రియాక్టర్లు పూజ కోసం ఆపారు. రెండో దానిలో సరుకు సగం ఉడికి ఉంది కాబట్టి ఆపలేదు. దాని ఒంటి చుట్టూ ఉన్న రేకు వేడికి తడి కుంకుమ నిలవడం లేదు. అందుకని పైన ఉన్న ప్రెషర్ గేజ్ అద్దం మీద పెట్టాను. కింద పసుపు, పైన కుంకుమ, గుండ్రంగా, పెద్దగా. కాకా తన స్పానర్లు, సుత్తులు అన్నీ తెచ్చి రియాక్టర్ ముందు వరసగా పేర్చి, పూలు పెట్టి దండం పెట్టుకున్నాడు. కుంకుమలో నీళ్లు ఎక్కువ కలిపానేమో, కాసేపటికి అది కారి అద్దమంతా పరుచుకుంది.

ఆ గేజ్ చూసి అరగంటకోసారి ప్రెషర్ ఎంత ఉందో షీటులో రాయాలి. మామూలుగా ఆ పని కాకాది. ఆ రోజు గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టేది కూడా ఆయనే కాబట్టి, "నువ్వు పో కాకా, రీడింగులు నేను రాస్త" అన్నాను.

పదిన్నరకు, పూజకు ముందు, ముల్లు పాయింట్ నాలుగు దగ్గర ఉంది. అది నేను కళ్లతో చూసి రాసిన అంకె. పదకొండుకు మెట్లెక్కి చూస్తే అద్దమంతా ఎరుపు. ముల్లు కనిపించలేదు. జేబులో రుమాలు ఉంది. తుడిస్తే రెండు సెకన్ల పని.

తుడవలేదు. నాన్న పోయిన పదో రోజున, మా ఊరి బావి దగ్గర ఒక ముసలామె తన బొటనవేలితో అమ్మ నుదుటి మీది బొట్టు తుడవడం నేను చూశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ బొటనవేలు ఎటు నుంచి ఎటు పోయిందో ఇప్పటికీ చెప్పగలను. అప్పటి నుంచి దేవుడి పటాలు కడిగేటప్పుడు కూడా పాత బొట్టు నేను తుడవను, అమ్మకు వదిలేస్తాను. ఇది నా తప్పుకు సాకు కాదు. చెయ్యి ఎందుకు లేవలేదో చెబుతున్నాను, అంతే.

పాయింట్ నాలుగు అని రాశాను. పదకొండున్నరకు మెట్లు కూడా ఎక్కలేదు. కింద నిలబడే మళ్లీ పాయింట్ నాలుగు రాశాను. ఈ సరుకు వందసార్లు వండాం, ఎప్పుడూ ప్రెషర్ పెరగలేదు అనే నమ్మకం ఒకటి. పూజ చేశాం కదా, ఈ రోజు ఏమీ కాదు అనే నమ్మకం ఇంకొకటి. రెండోదాన్ని నేను భక్తి అనుకున్నాను.

కొబ్బరి ముక్కలు చేతిలో పట్టుకుని కాకా తిరిగొచ్చాడు. మెట్లెక్కుతూ అడిగాడు: "ఎంతుంది సారూ?"

"పాయింట్ నాలుగే కాకా."

ఆవిరి బయటికి పోయే పైపు లోపల మూసుకుపోయి ఉందని నెలల తర్వాత తేలింది. లోపల ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు. రియాక్టర్ లోపలికి చూడడానికి మూత మీద ఒక గుండ్రటి గాజు ఉంటుంది. కాకా దాని దగ్గరికి వంగిన క్షణంలోనే అది పగిలింది. వేడి ఆవిరి ఆయన ముఖానికి కొట్టింది. కొబ్బరి ముక్కలు మెట్ల మీద ఒక్కొక్కటే కిందికి దొర్లుతూ నా బూట్ల దాకా వచ్చాయి.

ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి పెద్ద పెద్దవి మసకగా కనిపిస్తాయని డాక్టరు చెప్పాడు.

వారం తర్వాత మా మేనేజర్ విచారణ రిపోర్టు రాశాడు. షీటులో పాయింట్ నాలుగు ఉంది కాబట్టి ప్రెషర్ మామూలుగానే ఉంది. రియాక్టర్ దగ్గర స్పానర్ దొరికింది కాబట్టి ఆపరేటరే ఆ గాజును బిగించిన బోల్టులు వదులు చేసి ఉండాలి. నియమం తప్పాడు, తప్పు అతనిదే. ఆ స్పానర్ పూజకు పెట్టింది. దాని మీద ఇంకా బంతిపువ్వు రేకులు అంటుకుని ఉన్నాయి. రిపోర్టులో బంతిపువ్వు లేదు. కింద షిఫ్ట్ ఇంజినీరు సంతకం అని ఒక గీత ఉంది. దాని మీద నేను సంతకం పెట్టాను. కాకాను పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత రెండు నెలలు ఆ ప్రశ్న నా వెంటే తిరిగింది. బస్సులో కండక్టర్ ఎవరినో ఏదో అడిగితే నాకు "ఎంతుంది సారూ" అనే వినిపించేది. ముందు సీటు వెనక ఎవరో అంటించిపోయిన స్టిక్కర్ బొట్టును చూస్తూ నా స్టాపు దాటిపోయేవాణ్ని. పట్టపగలు, వంద మంది మధ్యలో, క్యాంటీన్‌లో పప్పు వడ్డించుకుంటూ ఉంటే పక్కన కాకా నిలబడినట్టు అనిపించేది. తిరిగి చూసేవాణ్ని కాదు. చూస్తే ఆయన ఉండడని తెలుసు. అయినా భయం వేసేది.

అలవాటు కొద్దీ దేవుడికి కూడా ఒక జాబితా రాశాను. ఒకటి, కాకా కుడి కన్ను బాగవ్వాలి. రెండు, నా ఉద్యోగం పోకూడదు. మూడు, నేను చూడకుండా రాశానని బయటికి రాకూడదు. ఈ మూడూ జరిగితే కాలినడకన గుట్ట మీది గుడికి వస్తాను, గుండు చేయించుకుంటాను, నలభై ఒక్క రోజులు ఒంటిపూట తింటాను. కాగితం మడిచి పటం వెనక పెట్టాను. పటాలు కడుగుతుంటే అమ్మకు దొరికింది. రాసింది మూడే ముక్కలు, అమ్మకు చదవడం వచ్చు.

"మూడోది ఏంది బిడ్డా?" అంది.

అప్పుడు మొత్తం చెప్పాను. అమ్మ పటం తుడుస్తున్న బట్టను ఒళ్లో పెట్టుకుని విన్నది. ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు.

"మొదటిది ఆయన కోసం. తతిమ్మ రెండు నీ కోసం. గుండు ఎవరి కోసం మరి?"

"దేవుని కోసమే అమ్మా."

"నీ ఎంటికలు ఆయనేం చేసుకుంటడు?"

నాకు కోపం వచ్చింది. "నాన్న పోయినంక కూడా నువ్వు రోజూ దీపం పెట్టినవ్. ఏమన్న ఇచ్చిండా నీకు? ఎందుకు పెట్టినవ్?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు. అమ్మ ఒళ్లోని బట్ట మడిచింది.

"కోపమొస్తే కోపమొచ్చిందని ఆయనకే చెప్పిన. నీ ముఖం చూడబుద్ధి అయితలేదు అని కూడా అన్న ఒకనాడు. గని అబద్ధం చెప్పలే. ఏదన్నిస్తడని పెట్టలే దీపం. ఇంకెవరున్నరు నాకు నిజం చెప్పుకోనీకి?" తర్వాత బట్ట తడిపి, పటం మీది పాత కుంకుమ తుడిచింది. "ఇది తీస్తేనే గద రేపు కొత్తది పెట్టేది. గింత దానికి భయపడ్డవా?"

ఆ జాబితా చించేశాను. నిజం చెబుతాను, దాని తర్వాత ఏమైనా దేవుడి ఇష్టం అని దండం పెట్టుకున్నాను. బదులుగా ఏమీ అడగకుండా దండం పెట్టడం నాకు తెలిసి అదే మొదటిసారి. మనసు తేలిక కాలేదు. ఉద్యోగం పోతే కిరాయి ఇల్లు ఎట్లా, మళ్లీ నన్ను ఏ ఫ్యాక్టరీ తీసుకుంటుంది, ఇవన్నీ దండం పెడుతున్న చేతుల మధ్యలోనే ఉన్నాయి. నమ్మకం అంటే భయం లేకపోవడం అనుకునేవాణ్ని. భయం ఉంది, బాగానే ఉంది.

ఆదివారం పొద్దున్నే సంగారెడ్డి మీదుగా కాకా ఊరికి పోయాను. నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య పత్తి కాయలు ఒలుస్తోంది.

"ఎవరూ?"

"నేను కాకా."

"సారు వచ్చిండే! కుర్చీ తే" అని లోపలున్న పిల్లకు కేకేశాడు. ఆ గొంతులో సంతోషం నేను భరించలేకపోయాను. కుర్చీ రాకముందే చెప్పేశాను. అద్దం మీద కుంకుమ, రెండు దొంగ అంకెలు, రిపోర్టు కింద నా సంతకం.

ఆయన భార్య చేతిలోని పత్తికాయ కింద పడేసింది.

"ఊళ్లె అందరు ఈయన తాగి పనికి పోయిండన్నరు సారూ. మా అన్నదమ్ములు సుత అన్నరు. గప్పుడు యాడ పోయినవ్?"

కాకా మంచం పట్టె పట్టుకుని నా వైపు తిరిగాడు.

"రెండు నెలలు అన్నం ఎట్ల తిన్నవ్?"

నన్ను ఆయన 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"తప్పయింది కాకా."

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు కాయితం సుత కనిపియ్యదు. యాడ రాసినవో ఆడ చెప్పు, పో." ముఖం అటు తిప్పుకున్నాడు. కుర్చీ తెచ్చిన పిల్ల అది ఎక్కడ వేయాలో తెలియక నిలబడి ఉంది. నేను బయటికి వచ్చేశాను.

సోమవారం మేనేజర్ బల్ల మీద నా కాగితం పెట్టాను. నాలుగు పాయింట్లు. పదకొండుకు చూడలేదు. పదకొండున్నరకు చూడలేదు. అద్దం మీద కుంకుమ పెట్టింది నేనే. స్పానర్ పూజకు పెట్టింది, నేను చూశాను.

ఆయన రెండుసార్లు చదివాడు. చెడ్డ మనిషి కాదు, ఆయనకూ పైన ఎవరో ఉన్నారు.

"నువ్వు చదువుకున్నోడివి. ఇది ఇస్తే నీ కెరీర్ ఏమవుతుందో తెలుసా? ఆ మనిషికి కన్నేమన్నా తిరిగొస్తుందా?"

"రాదు సార్."

"మరి ఎందుకు?"

నిజం చెబుతానని దేవుడి ముందు ఒప్పుకున్నాను అంటే నవ్వుతాడేమో అనిపించింది. అయినా అదే చెప్పాను. నవ్వలేదు. రిసీవ్డ్ అని రాసి, సంతకం పెట్టి, నకలు నాకు ఇచ్చాడు. ఆ సాయంత్రమే నా గేటు పాస్ తీసుకున్నారు.

ఆ నకలు కాకా కొడుకు చేతికి ఇచ్చాను, అతను దాన్ని లేబర్ ఆఫీసులో ఇచ్చాడు. నన్ను పిలిచిన రెండుసార్లూ పోయి అదే చెప్పాను. మూడు నెలలకు రిపోర్టు మార్చారు. తప్పు ఆపరేటర్‌ది కాదు అని కొత్త కాగితం వచ్చింది. దాన్ని కాకా భార్య భజన వేళకు గుడికి తీసుకుపోయి అందరి ముందు పెద్దగా చదివించిందని విన్నాను. నాకు ఆరు నెలలు పని దొరకలేదు. ఇప్పుడు పోతిరెడ్డిపల్లిలో ఒక చిన్న షెడ్డులో, ఫ్యాక్టరీల నుంచి వచ్చే గేజ్‌లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షిస్తాను. ప్రతి అద్దాన్ని ముందు తుడుస్తాను. తుడిచిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. అది పోతుందని నేను అనుకోవడం లేదు.

కొత్త కాగితం వచ్చాక ఒక శనివారం కాకా ఊరి గుడికి పోయాను. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. దీపపు కుందులు తోమాను, వారం నాటి సిందూరం గడపల మీది నుంచి కడిగాను. నాలుగు వారాలు అట్లాగే గడిచాయి. కాకా నాతో మాట్లాడలేదు. ఐదో వారం, భజన పుస్తకం చదివే ముసలాయన బాపన్న రాలేదు. కాకాకు అక్షరాలు కనిపించవు. ఆయన చెయ్యి గాలిలో కొంచెం తడుముకుని పుస్తకం నా వైపు జరిపింది.

"సదువు. నువ్వొక లైన్ చెప్తే మేమొక లైన్ అంటం."

చదివాను. పది మంది తాళాలతో అందుకున్నారు. మూడో పేజీలో దీపం నూనె ఒలికి పెద్ద మరక పడి ఉంది. ఒక మాట సగం మాత్రమే కనిపిస్తోంది. ఆ చోట ఏ మాట ఉంటుందో ఊహించవచ్చు. అక్కడున్న ఎవరైనా ఊహించగలరు. నా నోటి దాకా వచ్చింది కూడా.

"కాకా, ఈడ మరక పడ్డది. కనిపిస్తలేదు" అన్నాను.

తాళాలు ఆగాయి. కాకా నల్లద్దాలు నా వైపు తిరిగాయి. ఆయన ముఖంలో ఏముందో ఆ వెలుతురులో నాకు తెలియలేదు.

"కనిపియ్యకపోతే ఆగు" అన్నాడు. "బాపన్న మనుమడు వస్తడు, వానికి నోటికొచ్చు. గప్పటిదాంక అందరం ఆగుదం."

అందరం ఆగాం.