ఎస్తేరు వాళ్ళమ్మ

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే మా మనవరాలు నన్ను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను ఎదురుగా నిలబెట్టి, నీ పాత నవల మళ్ళీ అచ్చవుతోంది కదా జేజీ, దాని గురించి ఒక్క నిమిషంలో చెప్పు, అంతకంటే ఎక్కువైతే ఎవరూ చూడరు అంది. ఒక్క నిమిషంలో మన తరం వాళ్ళకు గొంతు సవరించుకోవడం కూడా పూర్తికాదని మీకు తెలియనిది కాదు. అయినా పిల్ల ముచ్చట కాదనలేక ఏదో మొదలుపెట్టాను. నాలుగు మాటలు చెప్పానో లేదో నన్ను ఆపి, ఇదంతా కాదు జేజీ, చూసేవాళ్ళు అడిగేది ఒకటే, చివరికి అంతా మంచే జరుగుతుందా లేదా అని, అది చెప్పేస్తే చాలు అంది. తలనొప్పిగా ఉందని చెప్పి లేచి లోపలికి వెళ్ళి పడుకున్నాను. తలనొప్పీ లేదు, ఏమీ లేదు. ముగ్గురాయి గనుల దగ్గరి ఒక పల్లె, ఆ పల్లెలో ఒక తల్లి గుర్తొచ్చింది, అంతే.

నేను రాయచోటిలో టీచరుగా ఉన్న రోజుల్లో మొదలైంది ఈ రాత పిచ్చి. పగలంతా పిల్లలకు లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి వంట ముగించి, పొయ్యి పక్కనే పీట వేసుకుని రాసుకునేదాన్ని. రాయడం ఎట్లాగో అయిపోయేది, రాసినదాన్ని మనుషుల చేతుల్లో పెట్టడమే పెద్ద పని. మన క్రైస్తవ నవలలను బజారులో అంగళ్ళవాళ్ళు ముట్టుకునేవారు కారు, వాటిని సంఘాల్లోనే పంచుకోవాలి. అందుకని సెలవులు వచ్చాయంటే చాలు, మా ఆయన రెండు సంచుల నిండా పుస్తకాలు కుక్కి చెరో భుజానికి తగిలించుకునేవారు, నేను గొడుగు, మంచినీళ్ళ చెంబు పట్టుకుని వెనకాల నడిచేదాన్ని. బస్సు దొరికిన ఊరికి బస్సులో, దొరకని ఊరికి నడిచి పోయేవాళ్ళం. నందికొట్కూరు వైపు పందిరి వేసి జరిపే ప్రార్థన కూటాలకు వెళితే బైబిళ్ళకు, పాటల పుస్తకాలకు, గోడ క్యాలెండర్లకు బల్లలు వేసి ఉండేవి, మాకు మాత్రం చెప్పులు విడిచే చోట ఒక గోనెపట్టా చూపించేవాళ్ళు. మా ఆయన దానికేమీ అనుకునేవారు కారు, ఇక్కడైతే వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఒక్కరు కూడా మనల్ని తప్పించుకోలేరు అని నవ్వేవారు.

చోటు సంగతి పక్కన పెడితే, అసలు చిక్కు ఇంకొకటి ఉండేది. కొందరు దైవసేవకులు నా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నిజంగా జరిగిందా అమ్మా అని అడిగేవారు. లేదండీ, కల్పించి రాసిందే అంటే, అయితే అబద్ధమే కదా, అబద్ధాన్ని సంఘంలో ఎట్లా పంచుతాము అని ఎంతో మర్యాదగా తిరిగి నా చేతిలో పెట్టేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ప్రభువు చెప్పినవి కూడా కథలే కదండీ అని నేను ఎదురు చెప్పబోతే మా ఆయన దగ్గు తెచ్చుకుని నన్ను పక్కకు లాక్కుపోయేవారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ లేదనిపిస్తుంది. మన సంఘాల్లో ముందు నిలబడి ఎవరేం చెప్పినా అది సాక్ష్యమే. ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళకు ఇట్లా కష్టం వచ్చింది, దేవుడు ఇట్లా ఆదుకున్నాడు అని వినడమే అందరికీ అలవాటు. జరగనిదాన్ని జరిగినట్టు చెప్పే మనుషులు కూడా ఉంటారని, అందులో ఒకరు టీచరమ్మ అయి ఉంటుందని చాలామందికి తెలియదు.

మంగంపేట దగ్గరి ఆ పల్లెకు స్త్రీల ఉపవాస ప్రార్థనకు రమ్మని నన్ను పిలిచారు. పెద్ద ఊరేం కాదు, గనుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళ వరుసలు, చివరన రేకుల చర్చి. లారీ పోయినప్పుడల్లా లేచిన తెల్లటి పొడి వేపాకుల మీద, ఆరేసిన బట్టల మీద, చర్చి మెట్ల మీద పేరుకుని ఉండేది. నేను అప్పుడు ఎస్తేరు అనే పిల్ల కథ రాస్తున్నాను. తండ్రి లేని పిల్ల, చదువుకోవాలని ఆశ, ఇంతలో జబ్బు. ఏ జబ్బో నేను పేరు పెట్టలేదు, అప్పటి నవలల్లో జబ్బుకు పేరు అక్కర్లేదు, దగ్గు ఉంటే సరిపోయేది. నవల మరీ పెరిగిపోయిందని రెండు భాగాలు చేసి మొదటి భాగం ముందుగా అచ్చు వేయించాను, అది ఎస్తేరు మంచాన పడటంతో ఆగిపోతుంది. ఏ కూటానికి వెళ్ళినా నేను ఒక ప్రకరణం చదివి, మనిషి ప్రాణం మీదికొచ్చిన చోట ఆపి కూర్చునేదాన్ని. పుస్తకాలు చేతులు మారడానికి నాకు తెలిసిన కిటుకు అదొక్కటే. ఆ పల్లెలోనూ అదే చేశాను.

ఆ రోజు మాకు అన్నం పెట్టింది ఒక తల్లీ కూతురూ. తల్లి గనుల దగ్గర రాళ్ళు ఏరే పనికి పోయేది, భర్త పోయి చాలా కాలమైంది, అక్షరం ముక్క రాదు. కూతురు పదో తరగతి దాకా చదివి ఆపేసింది. ఆ కూటంలో కూడబలుక్కోకుండా చదవగలిగింది ఆ పిల్లే కాబట్టి పుస్తకం ఆమె చేతికిచ్చి, శుక్రవారం శుక్రవారం అందరికీ కొంచెం కొంచెం చదివి వినిపించమన్నాను. చదువుతూ చదువుతూ ఆ పిల్ల కూడా దగ్గేది. నేను పెద్దగా పట్టించుకోలేదు, ఆ పల్లెలో దగ్గనివాళ్ళు ఎవరున్నారు గనక.

మళ్ళీ కొన్ని నెలల తర్వాత వెళ్ళాము. మా ఆయన బయట నీడలో కూర్చున్నారు, నేను లోపల ఆడవాళ్ళ మధ్య మోకరించాను. కూటం నడిపే పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఒక్కొక్కరి అక్కర చెప్పుకుంటూ పోతోంది, ఒకరింట్లో పసిబిడ్డకు జ్వరం, ఒకరి మొగుడి తాగుడు, ఒకరి బర్రె ఈనలేక పడుతున్న అవస్థ. ఆ వరుసలోనే, “ఆ ఎస్తేరును గూడా ముట్టి బాగుచెయ్యి తండ్రీ, నాయన లేని బిడ్డ, వాళ్ళమ్మకు ఇంగెవురుండారు” అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా కళ్ళు ఒత్తుకుంటూ ఆమేన్ అన్నారు. నేను కళ్ళు తెరిచేశాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది, దాచుకోవడం ఎందుకు, అన్నిటికంటే ఎక్కువగా గర్వం కలిగింది. ప్రార్థన అయ్యాక నిజం చెబుదామని నోరు తెరిచానో లేదో, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఇప్పుడెట్లుండాది టీచరమ్మా ఆ బిడ్డకు” అని అడిగింది. అంత ఆశగా చూసే ముఖంతో అట్లాంటి పిల్ల లేనే లేదని ఎట్లా చెప్పేది. అట్లే ఉందమ్మా అన్నాను.

బస్సు దాకా సాగనంపడానికి కూతురు వచ్చింది. మా ఆయన సంచులతో ముందు నడుస్తున్నారు. ఆ పిల్ల నా పక్కన నడుస్తూ, నెమ్మదిగా, “ఎస్తేరును బాగుచేయాకండి టీచరమ్మా” అంది. ఆ ఊళ్ళో అది కల్పించిన కథ అని తెలిసింది ఆ పిల్లకొక్కదానికే. ఎందుకమ్మా అన్నాను. పట్నంలో డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నారట. తల్లి పక్కనే నిలబడి విన్నది గానీ ఆ మాట చెవిన పెట్టలేదట, ఉపవాసాలు మాత్రం పెంచిందట. “నేను బాగుకానని నాకు తెలుసు. ఎస్తేరు బాగై నేను పోతే, ఆ బిడ్డకుండే విశ్వాసం ఈ బిడ్డకు లేకపాయనని అంటారు. మాయమ్మ అదే పట్టుకోని కుమిలిపోతాది. పొయ్యేవాళ్ళది తప్పు కాదని రాయండి. మీరు రాస్తే వాళ్ళు నమ్ముతారు.” ఇంత మాట అనడానికి ఆ పిల్ల దారిలో రెండు మూడు చోట్ల నిలబడాల్సి వచ్చింది. నేను సరేనని తల ఊపాను. బస్సు కదిలాక వెనక్కి చూస్తే చెట్టుకు ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

నిజం చెప్పాలంటే నేను ఎస్తేరును బాగుచేయాలనే అనుకున్నాను. జబ్బుపడిన మనిషి లేచి నడవకపోతే మన పుస్తకాలను ఎవరు చదువుతారు. మా నవలలను సంఘాలకు చేరవేసే కర్నూలు పెద్దమనిషికి కథ మారుతోందని చెబితే ఆయన తలపట్టుకుని, “జనాలు ఏడ్చుకుంటా ఇంటికి పోవల్లనా ఏమమ్మా, సొస్థత లేకుంటే ఎవురు సదువుతారు” అన్నారు. ఆయన అన్నదీ న్యాయమే. మా ఆయన మాత్రం అంతా విని, ఆ పిల్ల ఇంకెవర్ని అడుగుతుంది, నిన్నే కదా అడిగింది అన్నారు. ఇక ఆలోచించలేదు. ఎస్తేరు మరణాన్ని ఎంతో శ్రద్ధగా రాశాను. ఆదివారం ఉదయం, చర్చిలోంచి పాట వినిపిస్తుంటే, పాస్టరుగారు మంచం పక్కన వాక్యం చదువుతుండగా, కిటికీలోంచి ఎండ వచ్చి కాళ్ళ మీద పడుతుండగా ఆ పిల్ల నిబ్బరంగా కళ్ళు మూస్తుంది. చివర ఆమె చేత పలికించిన మాటలను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. అంత చక్కగా నేను ఎప్పుడూ రాయలేదని నాకు నేనే మురిసిపోయాను.

అచ్చు పని జరుగుతుండగానే ఆ పల్లె నుంచి కబురొచ్చింది. కూతురు పోయింది. జ్ఞాపకార్థ కూడికకు వెళుతూ, ఇచ్చిన మాట ఉంది కాబట్టి, ఆ చివరి ప్రకరణం ప్రూఫు కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళే అడిగారు, ఎస్తేరు సంగతి ఏమైందని. చదివిపెట్టే పిల్ల లేదు కాబట్టి నేనే చదివాను. చదువుతున్నంతసేపూ ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, “అంత మంచి బిడ్డనే తీస్కపోయినాడు, ఇంగ మన బిడ్డను తప్పుపట్టేదేముండాది” అంది. కూతురు కోరుకున్న మాట అచ్చంగా అదే. ఒక్క క్షణం నా మనసు తేలికపడింది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని తల వంచుకున్న తల్లి నా వైపు చూసింది. “టీచరమ్మా, ఆ బిడ్డ పొయ్యేటప్పుడు వాళ్ళమ్మ యాడుండాది?”

నేను కాగితాలు వెనక్కి తిప్పి చూశాను. పాస్టరుగారు ఉన్నారు, పాట ఉంది, ఎండ ఉంది, దిద్ది దిద్ది రాసిన చివరి మాటలు ఉన్నాయి. తల్లి ఎక్కడా లేదు. ఆమె సంగతే నాకు తోచలేదు. ఆ మాట చెప్పలేక, చర్చిలో ఉండిందేమోనమ్మా అనేశాను.

“నేనూ ఆడనే ఉంటి” అంది ఆమె. ఆ శుక్రవారం కూతురే పంపించిందట, ప్రార్థనకు పోమ్మా, నాకేం కాదులే అని. “నేను ఆడ మోకాళ్ళ మింద అడుక్కుంటాండా, ఈడ నా బిడ్డ పాయ. నీళ్ళు అడిగిందో ఏమో. నన్ను పిల్చిందో ఏమో.” ఇంకేమీ అనలేదు. దేవుణ్ణి నిందించలేదు, విశ్వాసం గురించి మాట్లాడలేదు. నేను ఏదైనా ఓదార్పు మాట చెప్పాలని ఎదురుచూసినట్టు కూడా లేదు. ఎన్ని కూటాల్లోనో గడగడా మాట్లాడినదాన్ని, ఆ రోజు ఆమె పక్కన కూర్చుని ఏడ్వడం తప్ప నాకేమీ చేతకాలేదు.

ఇంటికొచ్చి అచ్చు ఆపించి ఆ పేజీ తిరగరాశాను. పాస్టరుగారిని బయటికి పంపేశాను, చివరి మాటలన్నీ కొట్టేశాను. తల్లి మంచం మీద కూర్చుని కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఉంటుంది, పిల్ల నీళ్ళడిగితే చెంచాతో తాగిస్తుంది, అమ్మా అని పిలిస్తే ఊ అంటుంది. అంతే రాశాను. పుస్తకం తయారయ్యాక మొదటి ప్రతి తీసుకుని ఆ పల్లెకు వెళ్ళి, ఆమె ఇంట్లో నేల మీద కూర్చుని ఆ పేజీ చదివి వినిపించాను. చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నది. నీళ్ళు తాగించే కాడ ఇంగోసారి చదవమంది, చదివాను. కాసేపటికి లేచి, “ఆయమ్మ అదృష్టవంతురాలు” అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అట్లాంటి అమ్మ ఎవరూ లేరని, నేనే కూర్చోబెట్టానని ఆమెకు నేను చెప్పలేదు, తర్వాత ఎప్పుడు కలిసినా చెప్పలేదు.

ఇప్పుడు ఆమె లేదు, సంచులు మోసిన మా ఆయన లేరు. నా పాఠకులు చదువుకున్నవాళ్ళు, కథను కథగానే చదువుతారు. ఎవరి ఫోనులో వాళ్ళు, ఎవరి చోట వాళ్ళు చదువుకుని, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపిస్తారు. సంతోషమే. ఒకరు చదువుతుంటే ఊరంతా కూర్చుని వినడం పోయింది, ఈనలేని బర్రె పక్కనే లేని పిల్ల పేరు కూడా చేర్చి ప్రార్థన చేసే అమాయకత్వమూ పోయింది. పొరపాటే గానీ, ఆ పొరపాటు చేసేవాళ్ళ కోసం రాసేటప్పుడు ఎంత భయంగా రాసేదాన్నో నాకు తెలుసు. నేను ఎవర్ని ఎక్కడ మరిచిపోయానో ఇప్పుడు ఎవరూ అడగరు. అందుకేనేమో, ఈమధ్య నా నవలల్లో జబ్బుపడినవాళ్ళంతా తొందరగా బాగైపోతున్నారు.