తెనిన్ అక్క తిట్ల ప్రయోగం

సెగూ పట్నంలో మా వీధి చివరి జడల కొట్టు తెనిన్ కులిబాలిది. అక్కడ కూర్చుంటే జడ అల్లడం పూర్తయ్యేలోపు ఊళ్ళో ఎవరి కాపురం ఎలా ఉందో తెలిసిపోతుంది. మా సఫి పుట్టాక జుట్టు ఊడిపోతోందని నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను.

"ఊడితే ఊడనీ. చంటిపిల్ల తల్లికి జుట్టెందుకే, పిల్ల పీకడానికా?" అంది మొదటి రోజే.

అప్పటికి నా ధ్యాసంతా సఫి మీదే. ఇంకా కూర్చోదేమిటి, ఈ దగ్గు పొడిదా తడిదా, పాలు సరిపోతున్నాయా అని గుంజాటన. బడిలో రసాయన శాస్త్రం చెప్పే మనిషిని, ఇంట్లో మాత్రం థర్మామీటరు చెప్పినా నమ్మను, రెండోసారి పెడతాను. తెనిన్ అక్క సఫిని తుంటిమీద వేసుకుని, రెండో చేత్తో పుస్తకం పేజీ తిప్పేది.

నలభై దాటాక ఆమె కాలేజీలో చేరింది, మనస్తత్వ శాస్త్రం చదవడానికి. ఈ వయసులో ఎందుకక్కా అంటే చెప్పింది: "తల నా చేతిలో ఉంటే మనిషి కడుపులో ఉన్నదంతా చెప్పేస్తుంది. మొగుడు, అత్త, పోయిన బిడ్డ, అన్నీ. నేనేమో తిరిగి ఏం అనాలో తెలియక జడ బిగించి లాగుతాను. అది నేర్చుకుందామని."

కాన్పుల ఆసుపత్రిలో తల్లులతో మాట్లాడే ఉద్యోగం ఆమె కోరిక. కానీ మొదటి సంవత్సరమే రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే కాలేజీవాళ్ళు పేరు కొట్టేస్తారు. ఇప్పుడు అన్నీ గట్టెక్కాయి, ఒక్క సాంఘిక మనస్తత్వ శాస్త్రం తప్ప. అందులో సొంతంగా ఒక ప్రయోగం చేసి అందరి ముందూ వివరించాలి. మార్కు వేసేది కెయిటా మాస్టారు.

అసలు గుబులంతా అక్కడే. మా దగ్గర మనుషులకే కాదు, ఇంటిపేర్లకీ వరసలుంటాయి. వేళాకోళం వరస ఉన్న ఇంటిపేర్లవాళ్ళు ఎదురుపడితే నా బానిసా అనో, బొబ్బర్లు మెక్కే తిండిపోతా అనో తిట్టుకోవాలి, తిట్టకపోతే అమర్యాద. కెయిటాకూ కులిబాలికీ ఆ వరస ఉంది. అందుకే మొదటి రోజు ఆయన లోపలికి రాగానే తెనిన్ అక్క వెనక బెంచీలోంచి, "నా బానిస వచ్చాడర్రా, బల్ల తుడవండి!" అని అరిచింది. క్లాసంతా పగలబడింది. ఆయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "ఈ గదిలో ఇంటిపేర్లు లేవమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఏడాదంతా నవ్వలేదు.

"కులిబాలిని చూసి బొబ్బర్ల ఊసెత్తని కెయిటాని పుట్టి బుద్ధెరిగి చూడలేదు," అని ఆమె బాధ. "నేనంటే గిట్టదు. తప్పిస్తాడు చూడు."

ప్రయోగం సంగతి ఇది. పరాయివాళ్ళు అవమానిస్తే మనిషి ముడుచుకుపోతాడనీ, వాళ్ళకు సాయం చేయడనీ పాఠంలో చెప్పారు. మన ఊళ్ళోనూ అంతేనా అని చూడాలి. తెనిన్ అక్క పథకం వేసింది. కొట్లో జడలల్లే వస్సా త్రావొరే కొందరితో మర్యాదగా మాట్లాడుతుంది, కొందరిని తిడుతుంది. తర్వాత పొరపాటున జారినట్టు పూసల డబ్బా కింద పడేస్తుంది. ఎవరు వంగి ఏరతారో చూడటం.

"ఒకసారికి ఒక్కటే మార్చాలక్కా. తిట్టు మారాలి, మిగతావన్నీ అలాగే ఉండాలి," అని నేను సలహా ఇచ్చాను, పెద్ద తెలిసినదానిలా.

మర్యాద విన్నవాళ్ళు కుర్చీలోంచి కదల్లేదు. "వస్సా, పూసలు పడ్డాయే," అని చెప్పి తల వంచుకున్నారు. తర్వాత సనబా జారా వచ్చింది, దర్జీ భార్య.

"ఏయ్ బొబ్బర్ల తిండిపోతా! ఈ తల కడిగి ఎన్నాళ్ళయింది? పిచ్చుకలు గూడు కట్టాయి!" అంది వస్సా.

సనబా నిటారుగా కూర్చుంది. "నీ ఇంటిపేరేమిటే?"

"త్రావొరే."

"అదీ సంగతి! జారాల ఎంగిలి తిని బతికినవాళ్ళకి నోరు చూడు!" సనబా తొడ చరిచి నవ్వింది. డబ్బా పడటమే ఆలస్యం, చీకటి మూలల్లో దొర్లిన పూసలు కూడా మోకాళ్ళమీద పాకి ఏరింది. "త్రావొరే చేతులంతే, బొబ్బర్ల గిన్నె తప్ప ఏదీ నిలవదు వాటిలో!" అని ఏరినంతసేపూ తిట్టింది. వెళ్తూ వెళ్తూ వస్సా బుగ్గ గిల్లింది.

వచ్చినవాళ్ళందరిదీ ఇదే తీరు. తిట్లు తిన్నవాళ్ళే పరుగెత్తి సాయం చేశారు. తెనిన్ అక్క తల పట్టుకుంది.

"పుస్తకాన్ని తలకిందులు చేసి పట్టుకెళ్తే కెయిటా నన్ను నిలువునా చీరేస్తాడు."

"తిట్టు తగలడం లేదక్కా, వరస అడ్డం పడుతోంది. వరసలేని మనిషి చేత తిట్టించు," అన్నాను.

దొరికితేగా! పాలమ్మే పీల్ తెగ పిల్లని అడిగితే ఆమె సగం వీధికి మరదలు. చేపలు తెచ్చే బోజో తెగ అతనికి మిగతా సగంతో వేళాకోళం. తిడితే నిజంగా నొచ్చుకునే మనిషి సెగూలో లేడా అని నాలుగు సందులూ తిరిగి వచ్చాం. చివరికి ఇంటిపేరు దాచేసి తిట్టడమే మార్గమని తేలింది. వస్సా ఇంటిపేరు ఇప్పటికే వీధంతా తెలిసిపోయింది, ఆమె పనికిరాదు. ఊరికి కొత్త ముఖం కావాలి.

తెనిన్ అక్క నావైపు చూసింది. నేను పెళ్ళయ్యాక సికాసో నుంచి వచ్చినదాన్ని; మా దగ్గర పెళ్ళయినా ఆడదానికి పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, నాదేమిటో ఈ వీధికి తెలియదు.

"అమ్మో, నావల్ల కాదు."

"నీ పిల్లని తుంటిమీద మోసింది ఎవరే?"

నేను పూసల డబ్బా అందుకున్నాను.

నా ఖర్మకి ముందుగా వచ్చింది న్యెబా అవ్వ, వేరుసెనగ ముద్ద అమ్మే పెద్దావిడ. నా ఒళ్ళో సఫి. కళ్ళు మూసుకుని అనేశాను: "ముసలీ, బొబ్బర్లు మెక్కి మెక్కి కుర్చీ విరిచేలా ఉన్నావు."

అవ్వ ముఖంలో నవ్వు వచ్చి గుమ్మం దగ్గర ఆగినట్టు ఆగింది. "మీ ఇంటిపేరేంటి తల్లీ?"

"నీకెందుకు?"

ఆ నవ్వు వెనక్కి వెళ్ళిపోయింది. వస్సా దువ్వెన గాల్లోనే ఆగింది. నేను పథకం ప్రకారం డబ్బా వదిలేశాను. పూసలు గడపదాకా దొర్లాయి. అవ్వ వాటివంక చూడలేదు. లేచి వచ్చి నా ఒళ్ళోంచి సఫిని తీసుకుని, తన గుడ్డతో వీపున కట్టుకుంది. నా నుదుటిమీద చెయ్యి వేసింది.

"నిద్రపోతున్నావా అమ్మా?" అని అడిగి, నేను పలికేదాకా ఆగింది.

ప్రయోగంలో ఆ ప్రశ్న లేదు. "లేదవ్వా," అనేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారా!" అంది అవ్వ. "కాన్పయ్యాక కొందరికి ఇలాగే అవుతుంది. ఇంటిపేరు కూడా మర్చిపోయింది, పాపం. వస్సా, దీని మొగుణ్ణి పిలు!"

కాసేపటికి మా ఆయన జకార్తా అనే చిన్న మోటారుబండి వేసుకుని వచ్చాడు. వెనకే ఆడపడుచు, ఆమె వెనక, తగవు తీర్చేటప్పుడు పంచే కోలా కాయలు పట్టుకుని వీధి పెద్ద. "కోడలికి ఎవరితోనైనా తగవా? పేరు చెప్పనందట కదా!" అని అందరూ ఒకేసారి. తెనిన్ అక్క ఇక ఆగలేక జరిగిందంతా చెప్పి, అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని క్షమాపణ అడిగింది.

"ఇంతకీ దీని ఇంటిపేరేంటి?" అంది అవ్వ.

"దెంబెలే," అన్నాను.

"దెంబెలేనా! త్రావొరేకీ దెంబెలేకీ తేడా ఏముందే! మా జారాల కుండలు నాకినవాళ్ళు! ముందే చెప్పి ఏడవచ్చుగా, నేను ఏడవబోయాను!" అని మొదలుపెట్టి, పూసలన్నీ ఏరేదాకా నన్ను తిట్టింది. ఒక్కొక్క తిట్టుకీ నా గుండె బరువు దిగింది. మా ఆయన్నీ వంగి ఏరమంది. సఫి ఒకటి మింగిందేమోనని నేను దాని నోరు తెరిచి చూస్తూనే ఉన్నాను.

వివరించే రోజు తెనిన్ అక్క నన్ను సాక్షిగా తీసుకెళ్ళింది. వరండాలో పిల్లలు ఆమెను చుట్టుముట్టారు. "అక్కా, వరసని వాడుకో! నీ బానిసని గట్టిగా అడుగు, కాదనలేడు!"

"బొబ్బర్లయితే అడుగుతాను. మార్కులు అడగను," అంది. ఆమె వేళ్ళు కొంగు చివర జడ అల్లుతున్నాయి.

అంతా విన్నాక కెయిటా మాస్టారు అడిగాడు: "పాఠం ఒకటి చెప్పింది, మీకు ఇంకొకటి వచ్చింది. పాఠం తప్పా, మీరు తప్పా?"

"నేనే తప్పు మాస్టారూ. తిట్టంటే ఏమిటో కనుక్కోకుండా తిట్టించాను. త్రావొరే నోట జారాకి అది పలకరింపు. సరే అని పేరు దాచితే కోపం రాలేదు, జాలేసింది. నావాళ్ళంటూ ఎవరూ లేని మనిషి అనుకున్నారు. కాబట్టి అవమానాన్ని నేను అసలు కొలవనే లేదు."

"మరి సెగూవాళ్ళు అవమానాన్ని పట్టించుకోరని రాయవచ్చా?"

తెనిన్ అక్క ఆలోచించింది. ఆయన ఎదురుచూస్తున్న జవాబు ఏదో నాకు తెలియలేదు.

"రాయకూడదు. నా కొట్టుకి వచ్చేవాళ్ళంతా నావాళ్ళు. వేరే చోట ఏమవుతుందో నాకు తెలియదు."

ఆయన ఒక చీటీమీద ఏదో రాసి, మడిచి, సుద్దముక్కల పెట్టె కింద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. ఆమెవైపు వంగి గాలి పీల్చాడు.

"కులిబాలీ! గదంతా ఈ వాసనేంటి? పొద్దున్నే ఎన్ని గిన్నెల బొబ్బర్లు మెక్కి వచ్చావు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బల్లలు మోగిపోయాయి.

తెనిన్ అక్క తేరుకుంది. "నా బానిస ఎన్ని వండితే అన్ని! ఉప్పు తక్కువేశావురా!"

"మార్కు వేశాకే నోరు విప్పాను," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "ముందే నవ్వి ఉంటే, రేపు నువ్వు పాసైతే వరస వల్లే అనేవాళ్ళు. ఏడాదంతా నాలుక కరుచుకుని బతికాను తల్లీ, కులిబాలి ఎదురుగా కూర్చుంటే ఎంత కష్టమో నీకేం తెలుసు!"

చీటీ విప్పితే ఇరవైకి పన్నెండు. గట్టెక్కింది.

"పన్నెండేనా? కెయిటాలకి లెక్కలు రావని మా తాత ఊరికే అనలేదు," అంటూ ఆమె చీటీని రవికెలో దోపుకుంది.

ఆ సాయంత్రం కొట్లో పెద్ద గుండిగతో బొబ్బర్లు ఉడికాయి. ఒక గిన్నె మాస్టారింటికి వెళ్ళింది. ఉప్పు కావాలనే వేయలేదు. న్యెబా అవ్వ ఒక గింజ నలిపి సఫి నోటి దగ్గర పెట్టింది.

"అవ్వా, కడుపుబ్బుతుందేమో..."

"దెంబెలే పిల్లకి బొబ్బర్లు అరగకపోవడమా! నోరుమూసుకో."

సఫి చప్పరించి ఇంకొకటి కావాలని నోరు తెరిచింది. నేను దాని పొట్టమీద చెయ్యి వేసి కూర్చున్నాను. తెనిన్ అక్క నా వెనక చేరి జడ విప్పడం మొదలుపెట్టింది.

"నిద్రపోతున్నావా?" అంది.

జడ లాగలేదు. నేను చెప్పేదాకా ఆగింది.