నేను పాస్ చేసిన జపాన్ రికార్డు

పోయిన ఆదివారం ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి ఇంటికి వెళితే, మనవరాలు ఒక జపాన్ సైకెడెలిక్ రాక్ బ్యాండ్ వారి కొత్త ఆల్బమ్‌ను, అదీ వెనకటి రోజుల్లోలా నల్లటి పెద్ద రికార్డు మీద, తిప్పి వినిపించింది. "నాయిస్‌లా ఉంటది తాతా, బట్ అది నాయిస్ కాదు, ఓకే?" అని ముందే హెచ్చరించింది. ఆ ముక్క నలభై ఏళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఇంటికొచ్చి పాత డైరీలు దించాను.

మన ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గ్రీన్‌కార్డుకు అర్జీ పెట్టిన కంపెనీని వదిలితే ఆ అర్జీనీ వదులుకున్నట్టే. ఎనభైల మొదట్లో నాకు అర్జీ పెట్టింది న్యూజెర్సీలో రికార్డులు అచ్చువేసే ఒక చిన్న ఫ్యాక్టరీ. నేను చదివింది ప్లాస్టిక్కుల రసాయనశాస్త్రమైనా వారు అప్పగించిన పని వినడం. కిటికీ లేని, చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే గదిలో తలుపు వేసుకుని, ప్రతి రికార్డు తొలి ప్రతినీ చివరిదాకా విని, ఎన్నో నిమిషంలో హోరు, ఎన్నో నిమిషంలో గీత అని రాసి, పాస్ అనో ఫెయిల్ అనో సంతకం చేయాలి. రోజూ డైరీ రాసే చెయ్యి కనుక రాత బాగానే సాగేది గాని, మధ్యాహ్నమయ్యేసరికి ఊపిరి అందనట్టుండేది.

అలాంటప్పుడు ఒక జపాన్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వచ్చింది. సూది ఆనించగానే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డట్టు హోరు, దాని మీద కీచుమంటూ గిటారు. నలభై ఒక్క లోపాలు రాసి ఫెయిల్ చేశాను. కొత్త అచ్చు చేయించారు. అవే లోపాలు, అవే నిమిషాల్లో. మూడోసారీ నేను ఫెయిల్ అని రాశాక సూపర్‌వైజర్ అసలు టేపు తెచ్చి, నా కాగితం చేతపట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి వినిపించాడు. నేను రాసినవి దాదాపు అన్నీ టేపులోనే ఉన్నాయి. వాళ్లు కావాలని వాయించినవే. మూడు వారాలుగా పాటనే ఫెయిల్ చేస్తున్నావన్నాడు, నవ్వకుండా.

తల దించుకునే విన్నాను గాని, రెండో వైపు చివర, చుట్టు చుట్టుకూ వచ్చే ఒక టిక్కు మాత్రం టేపులో లేదు. అది మా అచ్చులోని లోపమే. ఆ మాటే అన్నాను. "నలభై తప్పయ్యాక నలభై ఒకటోది ఒప్పంటే ఎవరు నమ్ముతారు? నీ గ్రీన్‌కార్డు కాగితాలు కూడా నా బల్ల మీదే ఉన్నాయి," అని, పొద్దున్నకల్లా సంతకం కావాలని వెళ్లిపోయాడు.

మా ఆవిడకు అప్పుడు ఏడో నెల. అంతా విని, "అంత గోల వినగలిగినవాళ్లు మీ టిక్కు కూడా పాటేననుకుంటారు లెండి, పెట్టేయండి," అంది. నవ్వాననే జ్ఞాపకం. మర్నాడు పాస్ అని సంతకం పెట్టాను. ఆనాటి డైరీలో చలి ఎక్కువగా ఉందని మాత్రమే ఉంది.

మరుసటి ఏడాది కార్డు వచ్చింది. వచ్చిన రోజునే ఆ గది వదిలేయవచ్చు. కాని ఎందుకో, ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులోనే కూర్చున్నాను. ఇప్పటి పిల్లలు వీసా మీద ఉండి కూడా కంపెనీలు మారుతున్నారు. ఇప్పుడైతే అలాంటి రికార్డు బయటికొస్తే సాయంత్రానికల్లా పదిమంది ఫోన్లలో రాసి, మార్చి ఇమ్మని నిలదీస్తారు కూడా. ఆ రోజుల్లో అలా అడిగే దారెక్కడిది. ఎక్కడో ఎవరో ఆ టిక్కు విని, తప్పు తమ సూదిదే అనుకుని, కొత్త సూది తెచ్చుకుని, మళ్లీ మొదటి నుంచి విని ఉంటారు.