‘బ’ సొరుగు

సంత్రాగాఛి నుంచి ఫోను వచ్చింది. ఈ బెంగాలీ ఊళ్ళో మా తెలుగు సంఘం లైబ్రరీ చూసే బాబాయిగారు ఇక లేరు. వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆయనతో ఆడిన ఒక అబద్ధం ఇక దిద్దుకోలేను.

రైల్వేలో రిటైరయ్యాక ఆయన ప్రతి ఆదివారం లోకల్ రైలెక్కి వచ్చి లైబ్రరీ తెరిచేవారు. పుస్తకాలు వెతుక్కోవడానికి పెట్టే అట్టకార్డు మీద రాసే ముందు పుస్తకం పేరు ఒకసారి పైకి చదువుకునేవారు. బెంగాలీలో చదువుకున్న మా పిల్లల నోట ‘వ’ కాస్తా ‘బ’ అయిపోతుంది. అందుకని వంటల పుస్తకానికి ‘వ’ సొరుగులో ‘వంట’ అని ఒక కార్డు, ‘బ’ సొరుగులో ‘బంట’ అని ఇంకొకటి.

“తప్పు కదండీ?” అన్నాను మొదట్లో.

“అడిగినోళ్ళ మాట రాస్తే తప్పేటమ్మా?”

పోయినేడు ఆ కార్డులన్నీ కంప్యూటర్‌కి ఎక్కించాను. వెతకడం సులువవుతుందని కృత్రిమ మేధ పెట్టించాను. అది అక్షరదోషాలంటూ ఒక జాబితా చూపి, తీసెయ్యనా అంది. చూడకుండానే సరేనన్నాను.

ఓ ఆదివారం బాబాయిగారు ఒంటివేలితో ‘బంట’ అని కొట్టారు. తెర మీద పంటల పుస్తకాలు వరసకట్టాయి.

“వంట సేసుకుంటానన్న పిల్లని పొలానికి తోలేసిందేటమ్మా నీ మిషను!” అని పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక మెల్లిగా అన్నారు: “రెండోపాలి అడగదు తల్లీ. తనదే తప్పనుకుని ఎలిపోద్ది.”

సరిచేస్తానన్నాను. చెయ్యలేదు. మంచాన పడ్డాక ఫోనులో అడిగారు: “‘బ’ కార్డులు ఎక్కాయేటమ్మా?”

“ఎక్కాయండీ.”

ఆయన మనసు కుదుటపడాలని అన్నానా, నా బద్ధకం కప్పుకోవడానికా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆయన పోయిన మర్నాడు, ఎవరేం వెతికారో కంప్యూటర్ దాచిన చిట్టా మొదటిసారి తెరిచాను. దొరకలేదన్నవాటిలో ఒక మాట: ‘బైద్యం’. ఒక్కసారే. మళ్ళీ లేదు. అడిగినవాళ్ళ పేరూ లేదు. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో! మా దగ్గర వైద్యం పుస్తకాలు రెండు అరల నిండా ఉన్నాయి.

ఆ మాట కొట్టింది మీరే అయితే, తప్పు మీది కాదు. దయచేసి ఇంకోసారి అడగండి.

‘బ’ సొరుగు పక్కన పెట్టుకుని ఒక్కో కార్డూ ఎక్కిస్తున్నాను. రోజూ ఆ చిట్టా చూస్తున్నాను. ‘బైద్యం’ అని ఇంకా ఎవరూ మళ్ళీ అడగలేదు. సొరుగులో ఆ మాట కార్డు పై అంచు ఎందరి వేళ్ళు తగిలో నల్లబడి, మెత్తబడి ఉంది. దాని జంట ‘వైద్యం’ మాత్రం ఆయన రాసిన రోజులాగే తెల్లగా ఉంది.